గొర్రెలు కొండ దిగే వేళ.. ఐస్‌లాండ్‌కు

ఐస్‌లాండ్ అనగానే అందరి చూపూ ఆకాశం వైపే. సెప్టెంబరులో వెళ్లేవాళ్లు మాత్రం ముందు గొర్రెల క్యాలెండరు చూసుకుని, ఆ తర్వాతే విమానం టికెట్టు కొనుక్కోవాలి.

ఐస్‌లాండ్ వెళ్తున్నామని చెప్పగానే ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘నార్తర్న్ లైట్స్ కనిపిస్తాయా?’ కనిపించొచ్చు, కనిపించకపోవచ్చు. లక్షలు పోసి, సెలవు పెట్టి అంత దూరం వెళ్లి, ఒక మబ్బు పక్కకు జరుగుతుందా లేదా అని కళ్లు కాయలు కాచేలా చూడటమంటే లాటరీ టికెట్టు కొన్నట్టే. అదే నెలలో, అదే దేశంలో తేదీ, ఊరు, వేళ అన్నీ ముందే తెలిసే సంబరం ఒకటుంది. వేసవంతా కొండల్లో వదిలేసిన గొర్రెలను కిందికి తోలుకొచ్చి, ఎవరివి వాళ్లు ఏరుకునే పండగ అది. పేరు రెత్తిర్. సెప్టెంబరు ప్రయాణానికి గుంజ అక్కడే పాతుకోవాలి. ఆకాశంలో వెలుగులు కనిపిస్తే కొసరు.

ఐస్‌లాండ్ వైశాల్యం దాదాపు 1,03,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణకన్నా కాస్త తక్కువ. జనం 4 లక్షల లోపే. వాళ్లలో సగానికి పైగా రాజధాని రేక్యావిక్‌లోనో, దాని చుట్టుపక్కలో ఉంటారు. మిగిలినవాళ్లు సముద్రం అంచు వెంబడి. దేశం నడిమధ్యంతా మనిషి కాపురం లేని ఎత్తయిన బీడు: లావా, నల్ల ఇసుక, మంచు, మధ్యమధ్యలో గడ్డి. ఆ గడ్డి కోసమే ఈ కథంతా.

కొండరాజు వెనకాల

ఎండాకాలం మొదలై బీళ్లలో గడ్డి పచ్చబడగానే రైతులు గొర్రెలనూ పిల్లలనూ కొండల్లోకి తోలేస్తారు. కాపరి వెంట వెళ్లడు. పాలమూరు గొల్లకురుమలు మేత కోసం మందతో పాటు నెలల తరబడి నడుస్తారు, అక్కడ మంద ఒంటరిగానే తిరుగుతుంది. తోడేళ్ల భయం లేదు. మనుషులు రాకముందు నుంచీ ఆ దీవిలో ఉన్న నేల క్షీరదం ఆర్కిటిక్ నక్క ఒక్కటే. వేసవిలో పిల్లలతో కలిపి లెక్కేస్తే ఆ దేశంలో మనుషులకన్నా గొర్రెలే ఎక్కువ.

సెప్టెంబరు వచ్చేసరికి వాటిని దించాలి. గుర్రాల మీద కొందరు, కాలినడకన కొందరు, కుక్కలతో బయల్దేరతారు. పెద్ద బీళ్లలో ఈ గాలింపు వారం దాకా సాగుతుంది. రాత్రిళ్లు కొండ మీది గుడిసెల్లో మకాం. ముందుండి నడిపించే మనిషిని వాళ్ల భాషలో కొండరాజు అంటారు. ఎవరు ఏ లోయ గాలించాలో, ఏ వాగు ఎక్కడ దాటాలో ఆయన మాటే మాట. ఉమ్మడి బీడులో మేపుకున్న రైతు గాలింపులో తన వంతు మోయాల్సిందే, ఇష్టమైతే చేసే సాయం కాదది. అందుకే నగరాల్లో ఉద్యోగాలు చేసుకునే కొడుకులూ కూతుళ్లూ ఆ వారానికి సెలవు పెట్టుకుని ఊరికొస్తారు.

ఇది పర్యాటకుల కోసం పెట్టిన ఆట కాదని తెలియాలంటే 2012 సెప్టెంబరును గుర్తుచేసుకోవాలి. ఆ నెల రెండో వారంలో ఉత్తర ఐస్‌లాండ్ మీద అకాల మంచు తుపాను విరుచుకుపడింది. గొర్రెలు ఇంకా కొండల్లోనే ఉన్నాయి. వేలకు వేలు మంచు కింద కూరుకుపోయాయి. రైతులు రోజుల తరబడి కర్రలతో పొడిచి వెతుకుతూ, పారలతో తవ్వి తీశారు. కొన్ని బతికాయి, చాలా చచ్చిపోయాయి. అక్కడ శరదృతువు ఆరంభం ఇలాగూ ఉండొచ్చు.

ఆ మందల్లో అక్కడక్కడా పొడుగు కాళ్ల గొర్రె ఒకటి తలెత్తుకుని ముందు నడుస్తూ కనిపిస్తుంది. దానిది నాయకత్వపు జాతి. మాంసం కోసం కాకుండా తెలివి కోసం తరతరాలుగా పెంచుకొచ్చినవి. వాతావరణం మారబోతోందని పసిగట్టి మందను ఇంటి దారి పట్టిస్తాయని రైతుల నమ్మకం.

కిందికి దిగిన గొర్రెలను గుండ్రటి దొడ్డిలోకి తోలుతారు. నడుమ ఒక పెద్ద వలయం, దాని చుట్టూ కోసిన పుచ్చకాయ ముక్కల్లా అరలు, ఒక్కో అర ఒక్కో రైతుది. వేల గొర్రెలు కలగాపులగంగా వలయంలో తిరుగుతుంటే ఇంటిల్లిపాదీ లోపలికి దూకుతారు. చెవి మీద కోసిన గుర్తు చూసి తమదేనని తేల్చుకోవడం, కొమ్ములు పట్టుకుని రెండు కాళ్ల మధ్య ఇరికించుకుని అర దాకా లాక్కెళ్లడం. ఈ చెవి గుర్తులన్నీ నమోదైన పుస్తకాలే ఉన్నాయి. ఎనిమిదేళ్ల పిల్ల తనంత గొర్రెను ఈడ్చుకెళ్తుంటే ఎవరూ ఆపరు. గోడ మీద కూర్చున్న ముసలాయన జేబులోని సీసా చేతులు మారుతుంటుంది. ఎవరో పాట ఎత్తుకుంటారు. చాలా ఊళ్లలో సాయంత్రం మాంసం సూపు, రాత్రి డ్యాన్సు.

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. అలా దిగివచ్చిన గొర్రెపిల్లల్లో ఎక్కువ భాగం నేరుగా కబేళాకు వెళ్తాయి. ఆ దేశపు ఏడాది గొర్రె మాంసం లెక్క చాలావరకు తేలేది ఈ శరత్తులోనే. అది చూడలేననుకునేవాళ్లు దొడ్డి దాకా వెళ్లకపోవడమే మంచిది.

ఎప్పుడు, ఎక్కడ? రైతుల పత్రిక బైందబ్లాదిద్ ఏటా వేసవి చివర్లో దేశమంతటి తేదీల జాబితా వేస్తుంది. గొర్రెల దొడ్లు ఎక్కువగా సెప్టెంబరు మొదటి మూడు వారాల్లో, వారాంతాల్లో నిండుతాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు దక్షిణాదిన ఉన్న హ్రూనారెత్తిర్, స్కేదారెత్తిర్ అనువు. రాజధాని నుంచి పొద్దున్నే కారులో బయల్దేరితే అందుకోవచ్చు. అక్కడ అతిథి మర్యాద కొంచెమే: గోడ బయట నిలబడండి, ఎవరైనా రమ్మంటేనే లోపలికి దిగండి, ఉన్ని పట్టి లాగకండి, గేటు తెరిచి వదలకండి. దారిలో మంద ఎదురైతే కారు ఆపి, ఇంజను ఆపి, కూర్చోండి. హారన్ మాట మరిచిపోండి.

చీకటి తిరిగొచ్చే నెల

జూన్‌లో ఐస్‌లాండ్‌లో చీకటే పడదు. డిసెంబరులో పగలు నాలుగైదు గంటలకే అయిపోతుంది, రోడ్ల మీద మంచు. సెప్టెంబరు ఈ రెంటికీ మధ్య. నెల మొదట్లో రేక్యావిక్‌లో పగలు దాదాపు పద్నాలుగున్నర గంటలు, నెలాఖరుకు పదకొండున్నర. రోజుకు ఆరేడు నిమిషాల చొప్పున వెలుగు తరిగిపోతుంటుంది. పగలంతా తిరగొచ్చు, రాత్రి పదింటికల్లా ఆకాశం నల్లబడుతుంది. ఉష్ణోగ్రత 5 నుంచి 11 డిగ్రీల మధ్య. విశాఖ మన్యంలో లంబసింగి చలి చూసినవాళ్లకు అంకె భయపెట్టదు. భయపెట్టేది గాలి.

నార్తర్న్ లైట్స్‌కు విషువత్తు రోజులు కలిసొస్తాయి. మార్చి, సెప్టెంబరుల్లో భూమి అయస్కాంత క్షేత్రమూ, సూర్యుడి నుంచి వీచే సౌరగాలి వెంట వచ్చే క్షేత్రమూ ఎదురెదురు దిశల్లో పడి ముడిపడే అవకాశం పెరుగుతుంది. అప్పుడు విద్యుదావేశం ఉన్న కణాలు వాతావరణంలోకి సులువుగా జొరబడతాయి. దీన్ని 1973లో రస్సెల్, మెక్‌ఫెరాన్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. అయితే జనం ఫోన్లలో చూసే, అయస్కాంత అలజడిని కొలిచే కేపీ సూచిక అంకె మీద మరీ ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఐస్‌లాండ్ ఎలాగూ ఆ వెలుగుల పట్టీ కిందే ఉంది, చిన్న అంకెకే కనిపిస్తాయి. చూడాల్సింది మబ్బుల పటం. ఐస్‌లాండ్ వాతావరణ శాఖ వెబ్‌సైట్ వేదుర్ డాట్ ఐఎస్‌లో పచ్చగా ఉన్న చోట మబ్బు, తెల్లగా ఉన్న చోట నిర్మలాకాశం. తెల్ల మచ్చ వైపు కారు తిప్పడమే వేట.

ఫొటోల్లో ఉన్నంత ఆకుపచ్చ కంటికి చాలాసార్లు ఉండదు, బూడిదరంగు పొగలా మొదలవుతుంది. బస్సు టూరు తీసుకునేవాళ్లు దాన్ని ఆఖరి రాత్రికి కాకుండా మొదటి రాత్రికే పెట్టుకోవాలి. వెలుగులు కనిపించకపోతే మరో రాత్రి ఉచితంగా తీసుకెళ్లే సంస్థలు చాలా ఉన్నాయి, ఆ సదుపాయం వాడుకోవాలంటే చేతిలో రాత్రులు మిగలాలి కదా.

చుట్టేద్దామన్న ఆశ

దీవి చుట్టూ తిరిగే ఒకటో నంబరు రోడ్డు పొడవు 1,322 కిలోమీటర్లు. ఆగ్నేయాన హిమానీనదాల వరదలు పారే ఇసుక మైదానం మీద వంతెనలు కట్టాక, 1974లో గానీ ఆ వలయం పూర్తికాలేదు. పటంలో చూస్తే హైదరాబాద్ నుంచి తిరుపతి వెళ్లి తిరిగి వచ్చినదానికన్నా కాస్త ఎక్కువే కదా, వారంలో చుట్టేద్దాం అనిపిస్తుంది. నా మాట వింటే వద్దు. గరిష్ఠ వేగం తారురోడ్డు మీద 90, కంకర దారిలో 80. ఒక్క బండి మాత్రమే పట్టే వంతెనలు ఇంకా ఉన్నాయి. గాలి హెచ్చరిక వస్తే ఆ పూట కదలకూడదు. వారంలో చుట్టొచ్చినవాళ్లకు గుర్తుండేది కారు అద్దం మీద వైపర్ ఆట. పది రోజులకు పైగా ఉంటేనే వలయం. వారమైతే దక్షిణం చాలు. రోజుకో హోటల్ మార్చకుండా రెండు చోట్ల మకాం పెట్టుకుంటే, వాన పడిన రోజును పక్కకు నెట్టుకునే వెసులుబాటు ఉంటుంది.

మొదటి మకాం థింగ్‌వెల్లిర్, గేసిర్, గుల్‌ఫోస్ చుట్టుపక్కల పెట్టుకుంటే గొర్రెల దొడ్లు కూడా దగ్గరే. థింగ్‌వెల్లిర్‌లో 930లో మొదలైన అల్తింగ్ సభ 1798 దాకా అక్కడే కూడింది. చట్టాలు చేసిందీ, శిక్షలు వేసిందీ ఆ రాళ్ల మధ్యే. 1944 జూన్ 17న ఐస్‌లాండ్ గణతంత్రమని ప్రకటించుకున్నదీ అక్కడే. ఉత్తర అమెరికా, యురేషియా ఫలకాలు ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్న చీలికలో నడుస్తాం. సెప్టెంబరు మధ్యకొస్తే మోకాలెత్తు బర్చ్ పొదలు పసుపు, అడవి బ్లూబెర్రీ ఆకులు ఎరుపు. చెట్లు తక్కువైన ఆ దేశంలో శరత్తు రంగులన్నీ కాళ్ల దగ్గరే ఉంటాయి. తలెత్తుకుని నడిస్తే కనిపించవు.

గేసిర్‌లో పెద్ద ఊట దాదాపు నిద్రలోనే ఉంటుంది. పక్కనున్న స్ట్రోక్కూర్ మాత్రం పదేసి నిమిషాలకు ఒకసారైనా వేడినీళ్లు చిమ్ముతుంది. గుల్‌ఫోస్ జలపాతం మీద కరెంటు ప్రాజెక్టు కట్టబోతే సిగ్రిదుర్ తోమాస్‌దోత్తిర్ అనే రైతుబిడ్డ ఏళ్ల తరబడి పోరాడింది. జలపాతం దగ్గర ఆమె శిల్పం ఉంది, ఆగి చూడండి.

రెండో మకాం దక్షిణ తీరంలోని వీక్ ఊరికి అటూ ఇటూ. స్కోగాఫోస్ జలపాతం, రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరం, ఇంకా తూర్పుకు వెళ్తే యోకుల్సార్లోన్ సరస్సు. దేశంలో దాదాపు పన్నెండో వంతు భూమిని కప్పేసిన వత్నయోకుల్ మంచుదుప్పటి నుంచి విరిగిన గడ్డలు ఆ సరస్సులో తేలుతుంటాయి. అందరూ ఫొటో తీసుకుంటారు గానీ 1930లకు ముందు అక్కడ సరస్సే లేదు. హిమానీనదం వెనక్కి తగ్గుతూ వదిలిన గుంట అది.

నడిమి బీళ్లలోకి వెళ్లే దారుల నంబర్ల ముందు ఎఫ్ అక్షరం ఉంటుంది. వాటి మీదికి ఫోర్‌వీల్ డ్రైవ్ బండి లేకుండా వెళ్లకూడదు, వాగులు దాటాలి, మంచు పడగానే మూసేస్తారు. లాండ్‌మన్నలోయ్‌గర్ రంగురాళ్ల కొండలు చూడాలనుంటే నెల మొదటి భాగంలోనే, అదీ బస్సులో వెళ్లండి. వాగులో కారు ఆగిపోతే బీమా ఆదుకోదు. పఫిన్ పక్షుల కోసమే వెళ్లేవాళ్లు సెప్టెంబరును వదిలేయాలి, ఆగస్టులోనే అవి సముద్రం పట్టిపోతాయి.

గాలి, అల, నాచు

అద్దె కార్లకు అక్కడ తరచూ తగిలే దెబ్బల్లో ఒకటి, తలుపు తెరిచినప్పుడు గాలి దాన్ని ముందుకు విరిచేయడం. చాలా బీమాలు దీన్ని భరించవు. గాలికి ఎదురుగా బండి నిలిపి, రెండు చేతులతో తలుపు పట్టుకుని దిగాలి. ఇసుక, బూడిదకు విడిగా బీమా అమ్ముతారు. దక్షిణ తీరంలో తిరిగేవాళ్లు తీసుకోవడం మంచిదే. గొడుగు ఇంట్లో వదిలేయండి, అక్కడ వాన అడ్డంగా పడుతుంది. జీన్స్ తడిస్తే ఆరదు. లోపల ఉన్ని బనీను, మధ్యలో స్వెట్టరు, పైన నీళ్లు దిగని కోటు, ప్యాంటు. ఈ పైతొడుగు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

రేనిస్‌ఫ్యారాలో అలలు చిన్నగా వస్తూ వస్తూ, ఉన్నట్టుండి ఒకటి చాలా లోపలికి దూసుకొస్తుంది. ఫొటోకు సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డవాళ్లు కొట్టుకుపోయారు. అక్కడ హెచ్చరిక దీపాలు పెట్టారు, ఎర్రదీపం ఉంటే కిందికి దిగొద్దు. మంచు గుహలు చలికాలపు వింత. 2024 ఆగస్టులో వత్నయోకుల్ అంచున మంచు విరిగిపడి ఓ పర్యాటకుడు చనిపోయాడు. సెప్టెంబరులో గుహ చూపిస్తామని ఎవరన్నా అంటే ఒకటికి రెండుసార్లు అడగండి.

నాచు మీద అడుగు వేయకండి. లావా మీద అది అల్లుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. జస్టిన్ బీబర్ వీడియో చూసి జనం పోటెత్తడంతో ఫ్యాద్రార్‌గ్ల్యూఫూర్ లోయ అంచులన్నీ బురదయ్యాయి, 2019లో దాన్ని కొన్నాళ్లు మూసేయాల్సి వచ్చింది. మనవాళ్లూ తక్కువ తినలేదు. షారుఖ్ ‘గెరువా’ పాటలో చూసిన పాత విమానం శిథిలం కోసం సోల్‌హేమాసాండుర్ ఇసుకలో గంట సేపు నడిచి వెళ్తారు. 1973లో అక్కడ దిగిపోయిన అమెరికా నేవీ విమానమది, అందులోని వాళ్లందరూ బతికారు. మబ్బు పట్టిన రోజున ఆ నడక ఎందుకు చేశామా అనిపిస్తుంది.

అగ్నిపర్వతాల సంగతి అందరూ అడుగుతారు. 2010లో ఏయఫ్యట్లయోకుల్ పేలినప్పుడు శిలాద్రవం మంచును తాకి సన్నటి బూడిదగా ఎగసింది, యూరప్ విమానాలు ఆగిపోయాయి. 2021 నుంచి రేక్యానెస్ ద్వీపకల్పంలో వస్తున్నవి వేరు. నేల చీలి లావా పారుతుంది, బూడిద తక్కువ, విమానాలు మామూలుగా నడుస్తాయి. నష్టం పక్కనున్న ఊళ్లకు: 2023 నవంబరు 10 రాత్రి గ్రిండావిక్ ఊరిని ఖాళీ చేయించారు. బ్లూ లగూన్ వేడినీళ్ల కొలను ఆ పక్కనే ఉంది కాబట్టి అక్కడి టికెట్టు రద్దు చేసుకునే వీలున్నదే కొనండి.

కాగితాలు, కంచం

ఐస్‌లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ షెంగెన్‌లో ఉంది. వీసాకు ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేయొచ్చు. ఫీజు పెద్దలకు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపాలి. చివరి నెలల్లో అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం, మే, జూన్‌లలోనే పని కానిచ్చేయండి. మన దేశం నుంచి నేరుగా విమానం లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే షెంగెన్ తనిఖీ అక్కడే జరుగుతుంది. లండన్ మీదుగా అయితే బ్రిటన్ ట్రాన్సిట్ వీసా అవసరమేమో టికెట్టు కొనకముందే తేల్చుకోవాలి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఐస్‌లాండ్ దారిలో ఊరే. ఐస్‌లాండ్ ఎయిర్‌లో యూరప్ వెళ్తూ మధ్యలో దిగి కొన్ని రోజులు ఉండొచ్చు, విమాన ఛార్జీ పెరగదు. అయితే గ్రీన్‌కార్డు ఉన్నా, చేతిలో ఉన్నది భారతీయ పాస్‌పోర్టు అయితే షెంగెన్ వీసా తప్పదు. హెచ్-1బీ వాళ్లు పాస్‌పోర్టులోని అమెరికా వీసా స్టాంపు గడువు కూడా చూసుకోవాలి. చుట్టాలబ్బాయి పెళ్లికి వచ్చి స్టాంపింగ్ కోసం ఇరుక్కున్న కథలు మనకు కొత్త కాదు.

తిండి ఖరీదెక్కువ. వంటిల్లున్న బస చూసుకుని, బోనస్, క్రోనన్ దుకాణాల్లో బియ్యం, కూరగాయలు కొనుక్కుంటే ఖర్చు సగమవుతుంది. కందిపొడి, ఆవకాయ పట్టుకెళ్లొచ్చు. యూరప్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడం నిషేధం కాబట్టి నెయ్యి సీసా, నాటుకోడి పచ్చడి ఇంట్లోనే ఉంచండి. శాకాహారులకు మంచి భోజనం భూగర్భ వేడితో నడిచే గాజు తోటల్లో దొరుకుతుంది. గేసిర్ దారిలోని ఫ్రిద్‌హేమార్‌లో టమాటా తీగల మధ్యే బల్లలు వేసి టమాటా సూపు పోస్తారు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, సీసా నీళ్లు కొనడం దండగ. వేడినీళ్లకు మాత్రం గంధకం వాసన ఉంటుంది.

ఆ వేడినీళ్ల కోసం బ్లూ లగూన్ దాకా వెళ్లనక్కర్లేదు. దాదాపు ప్రతి ఊళ్లోనూ మున్సిపాలిటీ ఈత కొలను, దాని పక్కన వేడినీళ్ల తొట్లు ఉంటాయి. ఊరి రాజకీయమంతా నడిచేది వాటిలోనే. నీళ్లలో మందు తక్కువ వేస్తారు కాబట్టి ముందు బట్టలన్నీ విప్పి, సబ్బుతో స్నానం చేసి గానీ దిగకూడదు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ గదులు వేరు, గదిలో చాటు మాత్రం పెద్దగా ఉండదు. మనవాళ్లు ఇక్కడే వెనుదిరుగుతారు. నిజానికి మీ వైపు చూసే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

దసరా సెలవులే దిక్కయితే

బడి పిల్లలున్న ఇళ్లకు గొర్రెల తేదీలు కుదరవు. దసరా సెలవులు సెప్టెంబరు చివర్లో పడ్డ ఏడాది వాళ్లకు మరో దారి ఉంది. ఉత్తరాన స్కాగాఫ్యోర్దుర్‌లో నెలాఖరు వారాంతంలో లోయ్‌ఫ్‌స్కాలారెత్ జరుగుతుంది. ఈసారి దొడ్డిలోకి వచ్చేవి గుర్రాలు. వందల గుర్రాలు లోయలోంచి ఒక్కసారిగా దిగుతాయి. ఐస్‌లాండ్ గుర్రపు జాతి కల్తీ కాకుండా, రోగాలు రాకుండా వేరే గుర్రాలను దేశంలోకి రానివ్వరు. బయటికి వెళ్లిన గుర్రం మళ్లీ తిరిగి రాకూడదు. వాడిన కళ్లేలు, జీనులు కూడా తేనివ్వరు.

రేక్యావిక్ నుంచి అక్కడికి కారులో సగం రోజు. దారిలో కనుమలు ఉన్నాయి, ఆ సమయానికి మంచు పడే అవకాశమూ ఉంది. అందుకే పండగ ముందురోజు మధ్యాహ్నానికే చేరేలా బయల్దేరాలి. కారుకు చలికాలపు టైర్లు వేస్తారో లేదో అద్దెకిచ్చేవాళ్లను అడగాలి. ఐస్‌లాండ్ వాళ్లే దేశం నలుమూలల నుంచి వస్తారు కాబట్టి ఆ లోయలో గదులు వేసవిలోనే అయిపోతాయి. లోయలో దొరకకపోతే అకురేరిలో తీసుకోండి, గంటన్నర దూరం.